ప్రవేశద్వారం వద్ద పీడనం

పైపులో నీరు, గొట్టంలో గాలి ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లకు 19వ శతాబ్దంలో నేవియర్, స్టోక్స్ రూపొందించిన సమీకరణాలే ఆధారం. ఆ సమీకరణాలు ప్రవాహం నడిచే తీరును చెప్పగలవే గాని, అది ఎంత బలంతో లోనికి వస్తుందో చెప్పలేవు కనుక, లెక్కకు తీసుకున్న ప్రదేశపు అంచుల వద్ద పరిస్థితిని ఇంజనీరే నిర్దేశించాలి. వీటినే సరిహద్దు నిబంధనలు అంటారు. వేగం ముందే తెలిస్తే దానినే ఇవ్వవచ్చు. ఎత్తైన ట్యాంకు నుంచి దిగే నీటికైనా, ఫ్యాను గదిలోంచి లాగే గాలికైనా సాధారణంగా తెలిసేది పీడనమే కాబట్టి, అక్కడ ప్రవేశ పీడన నిబంధన పెడతారు; వేగం లెక్కలో తేలుతుంది.

చిక్కంతా ఏ పీడనం ఇవ్వాలన్న దగ్గరే వస్తుంది. గొట్టం గోడకు అమర్చిన మీటరు చూపేది స్థిర పీడనం. సాంద్రతను వేగపు వర్గంతో గుణించి సగం చేస్తే వచ్చే చలన పీడనాన్ని దానికి కలిపితే మొత్తం పీడనం అవుతుంది. ఫ్లూయెంట్ వంటి సాఫ్ట్‌వేర్ అడిగేది ఈ మొత్తాన్నే. గదిలో నిశ్చలంగా ఉన్న గాలి గొట్టంలోకి చేరి సెకనుకు 20 మీటర్ల వేగం అందుకునేసరికి స్థిర పీడనం సుమారు 245 పాస్కల్ పడిపోతుంది గాని, మొత్తం పీడనం దాదాపు మారదు. కనుక అక్కడ ఇవ్వవలసిన విలువ సున్నా. మీటరు చూపిన రుణ విలువను ఆ గడిలో నింపితే గాలి వేగం నిజానికన్నా తక్కువగా తేలుతుంది.

ఈ సున్నా వాతావరణ పీడనంతో పోల్చి చెప్పినది. 1,01,325 పాస్కల్‌ను ఫ్లూయెంట్ ముందే ఆధారంగా ఉంచుకుంటుంది కాబట్టి, అదే అంకెను మళ్లీ ప్రవేశద్వారం వద్ద ఇస్తే పీడనం రెండు వాతావరణాలవుతుంది. తప్పు జరిగిందని సాఫ్ట్‌వేర్ హెచ్చరించదు. ఓపెన్‌ఫోమ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో, సాంద్రత మారని ప్రవాహాల లెక్కలో, పీడనాన్ని సాంద్రతతో భాగించి ఇవ్వాలి. నీటి విషయంలో ఇది మరిస్తే తేడా దాదాపు వెయ్యి రెట్లు.

ప్రవాహ దిశ, అల్లకల్లోల తీవ్రత కూడా ప్రవేశద్వారం వద్దే ఇవ్వాలి. ధ్వని వేగాన్ని మించి లోనికి వచ్చే వాయువుకైతే స్థిర పీడనాన్ని విడిగా చెప్పక తప్పదు, ఎందుకంటే అలాంటి ప్రవాహంలో దిగువ పరిస్థితుల ప్రభావం ఎగువకు చేరదు.

సాఫ్ట్‌వేర్ చూపే రంగుల చిత్రాలు ఎంత ముచ్చటగా ఉన్నా, ప్రవేశద్వారం గుండా వచ్చిన ద్రవ్యరాశిని బెర్నౌలీ సూత్రంతో వేసిన చేతి లెక్కతో సరిచూడని ఫలితాన్ని డిజైన్‌కు వాడకూడదు.