గెలిచినవాళ్లు నిలవని డివిజన్

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మేరీవిల్ అనే ఊరుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది పదివేల పైచిలుకు మనుషులు. మన యలమంచిలి అంతకంటే పెద్దది. మేరీవిల్‌లోని నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీ, అదే రాష్ట్రంలో వారెన్స్‌బర్గ్‌లో ఉన్న సెంట్రల్ మిస్సోరీ యూనివర్సిటీ ఎం.ఎస్. చదువుకు వెళ్లే తెలుగు పిల్లలకు బాగా తెలిసిన పేర్లు. యలమంచిలి, నర్సీపట్నం వంటి ఊళ్లలో అడ్మిషన్ వచ్చిందని తెలియగానే ఇంట్లోవాళ్లు ఆ కాలేజీ గురించి ఫోన్లో వెతుకుతారు. ‘ఎన్‌సీఏఏ డివిజన్ 2’ అన్న మాట కనబడుతుంది. రెండో రకం కాలేజీకి పంపుతున్నామేమోనని గుబులు మొదలవుతుంది.

ఆ గుబులు అక్కర్లేదు. అది చదువుకు సంబంధించిన అంకె కాదు, ఆటలకు సంబంధించినది. ఆటల్లో కూడా అది జట్టు ప్రతిభకు వేసిన మార్కు కాదు. కాలేజీ ఆటల మీద ఎంత ఖర్చు పెట్టదలచుకుందో, ఎంతమంది ఆటగాళ్ల ఫీజు తాను భరించగలదో దాన్నిబట్టి తనకు తాను ఎంచుకునే వరస. ఈ డివిజన్ తొలి ఏళ్లలో ఎవరు గెలిచారు, గెలిచాక ఎక్కడికి పోయారు అని లెక్క తీస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ ముందుకు సాగే ఆట. కాలేజీల మధ్య ఈ ఆటను నడిపే సంఘం ఎన్‌సీఏఏ 1906లో పుట్టింది. యాభై ఏళ్లు అందరూ ఒకే గాట ఉన్నారు. 1950ల రెండో సగంలో సంఘం సభ్యులను రెండుగా విడదీసింది. పెద్దవి ‘యూనివర్సిటీ డివిజన్’, చిన్నవి ‘కాలేజ్ డివిజన్’.

చిన్న కాలేజీలకు ఫుట్‌బాల్‌లో జాతీయ ఛాంపియన్‌ను తేల్చే పోటీయే లేదు. 1964 నుంచి 1972 దాకా తొమ్మిది సీజన్లపాటు దేశాన్ని 4 ప్రాంతాలుగా పంచి, ఒక్కో ప్రాంతానికి సీజన్ చివర ‘బౌల్’ అనే ఒక్కో మ్యాచ్ ఆడించారు. ఏటా నలుగురు విజేతలు మిగిలేవారు. ఆ నలుగురూ తలపడే మ్యాచ్ మాత్రం ఉండేది కాదు. దేశంలో మొదటి స్థానం ఎవరిదో ఏపీ, యూపీఐ వార్తాసంస్థలు నడిపే ఓటింగ్ చెప్పేది. 1971లోనూ 1972లోనూ రెండు ఓటింగుల్లోనూ డెలావేర్ యూనివర్సిటీకే అగ్రస్థానం దక్కింది. మైదానంలో తేలాల్సింది కాగితం మీద తేలడం ఆటగాళ్లకు న్యాయం కాదని నా అభిప్రాయం. ఓటు వేసేవారు అన్ని జట్ల ఆటనూ కళ్లారా చూసే వీలు ఆ రోజుల్లో లేదు.

1973 ఆగస్టులో ఎన్‌సీఏఏ ప్రత్యేక సమావేశం పెట్టుకుని రెండు వర్గాలను మూడు డివిజన్లు చేసింది. డబ్బున్న పెద్ద కాలేజీలు డివిజన్ 1లోకి వెళ్లాయి. ఆటగాళ్లకు కొంత స్కాలర్‌షిప్ ఇవ్వగలిగినవి డివిజన్ 2లో, ఆట పేరిట స్కాలర్‌షిప్ ఇవ్వనివి డివిజన్ 3లో చేరాయి. ఆ ఏడాదే డివిజన్ 2కు 8 జట్లతో నాకౌట్ పోటీ మొదలైంది. మూడు మ్యాచ్‌లు వరసగా గెలిస్తే జాతీయ టైటిల్. పెద్ద డివిజన్‌లో ఫుట్‌బాల్ ఛాంపియన్‌ను అప్పటికీ ఓట్లతోనే తేల్చేవారు, అదింకా చాలా ఏళ్లు అలాగే సాగింది. ఆ విషయంలో కింది డివిజనే ముందు నడిచింది.

తొలి ఫైనల్ 1973 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో జరిగింది. లూసియానా టెక్ 34, వెస్టర్న్ కెంటకీ 0. మరుసటి ఏడు సెంట్రల్ మిషిగన్ 54-14తో డెలావేర్‌ను చిత్తు చేసింది. రెండేళ్లు ఓట్లలో మొదటి స్థానం దక్కిన డెలావేర్‌కు మైదానంలో ఆ పీట అంత సులువుగా దొరకలేదు. 1978 ఫైనల్లో ఈస్టర్న్ ఇల్లినాయ్ చేతిలో 10-9తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడింది. 1979లో యంగ్స్‌టౌన్ స్టేట్‌ను 38-21తో ఓడించి చివరికి టైటిల్ అందుకుంది.

ఈ విజేతల పట్టికలో నాకు బాగా నచ్చే వరస 1975ది. నార్తర్న్ మిషిగన్ జట్టు 1974లో పది మ్యాచ్‌లాడి పదీ ఓడిపోయింది. మరుసటి సీజన్‌లో 13 గెలిచి, ఒక్కటే ఓడి, ఫైనల్లో వెస్టర్న్ కెంటకీని 16-14తో దాటింది. 1978 విజేత ఈస్టర్న్ ఇల్లినాయ్‌ది కూడా దాదాపు ఇదే కథ. 1977లో ఆ జట్టు గెలిచింది ఒకటి, ఓడింది 10. కొత్త కోచ్ డారెల్ ముద్రా వచ్చిన ఏడాదే కప్పు కొట్టింది. విద్యాశాస్త్రంలో డాక్టరేట్ చేసిన ముద్రా మైదానం అంచున నిలబడకుండా పైన ప్రెస్ బాక్సులో కూర్చుని ఆటను నడిపించేవాడు. ఆటగాళ్ల మధ్య, వసతుల మధ్య తేడాలు తక్కువగా ఉన్నచోట మంచి కోచ్, ఒకరిద్దరు మెరికలు దొరికితే జట్టు తలరాత ఒక్క సీజన్‌లోనే మారిపోతుంది. డబ్బు రాజ్యమేలే పై డివిజన్‌లో ఇలాంటివి అరుదు.

ఇక గెలిచినవాళ్లు ఏమయ్యారో చూద్దాం. 1973 నుంచి 1980 దాకా 8 టైటిళ్లను 8 వేర్వేరు కాలేజీలు గెలిచాయి: లూసియానా టెక్, సెంట్రల్ మిషిగన్, నార్తర్న్ మిషిగన్, మోంటానా స్టేట్, లీహై, ఈస్టర్న్ ఇల్లినాయ్, డెలావేర్, కాల్ పాలీ. వీటిలో ఈనాటికీ డివిజన్ 2లో ఉన్నది నార్తర్న్ మిషిగన్ ఒక్కటే. మిగతా 7 పైకి వెళ్లిపోయాయి. మొదటి ఇద్దరు విజేతలూ 1975కల్లా పై డివిజన్‌లో ఉన్నారు.

మన రంజీ క్రికెట్‌లో ప్లేట్ గ్రూపులో గెలిచిన జట్టు పై గ్రూపైన ఎలీట్‌లోకి వెళ్తుంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ పద్ధతి లేదు. టైటిల్ గెలిచినంత మాత్రాన ఎవరూ పైకి పిలవరు, ఓడినంత మాత్రాన ఎవరూ కిందికి నెట్టరు. కాలేజీ యాజమాన్యమే నిర్ణయించుకోవాలి, స్కాలర్‌షిప్పులు పెంచాలి, స్టేడియం కట్టాలి. అయితే టైటిల్ వస్తే పూర్వ విద్యార్థులు విరాళాలిస్తారు, పేపర్లలో పేరు వస్తుంది, పైకి వెళ్దామన్న ఒత్తిడి మొదలవుతుంది. గెలుపు అలా పరోక్షంగా మెట్టెక్కిస్తుంది.

ఆ మెట్టు 1978లో ఇంకాస్త దగ్గరైంది. ఆ ఏడు డివిజన్ 1 ఫుట్‌బాల్‌ను 1-ఎ, 1-ఎఎ అని రెండుగా చీల్చారు. 1-ఎలో ఉండాలంటే 30,000 సీట్ల స్టేడియం, సగటున 17,000 మంది ప్రేక్షకులు వంటి కొలతలు పెట్టారు. 1-ఎఎకు అంత బరువు లేదు. దాంతో డివిజన్ 2లోని బలమైన జట్లు బారులు తీరాయి. 1977 ఫైనల్లో జాక్సన్‌విల్ స్టేట్‌ను 33-0తో ఓడించిన లీహై, మరుసటి సీజన్‌లో టైటిల్ నిలబెట్టుకునే ప్రయత్నమే చేయలేదు. అప్పటికే 1-ఎఎకు వెళ్లిపోయింది. డెలావేర్ కూడా 1979లో కప్పు కొట్టి 1980లో అదే దారి పట్టింది.

కొలతలు బిగించాక 1982లో ఐవీ లీగ్ కాలేజీలు కూడా 1-ఎ నుంచి 1-ఎఎకు దిగాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లు ఫుట్‌బాల్‌లో కింది వర్గంలో ఉన్నాయన్నమాట. వాటి చదువుకు అణువంత తరుగు రాలేదు. డివిజన్ అంకె చూసి దిగులుపడే తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది.

1980ల్లోనూ వలస ఆగలేదు. 1981, 1982 టైటిళ్లు గెలిచిన సౌత్‌వెస్ట్ టెక్సస్ స్టేట్, 1984, 1987లో గెలిచిన ట్రాయ్ స్టేట్ పైకి పోయాయి. 1983 నుంచి 1990 మధ్య ఐదు టైటిళ్లు కొట్టిన నార్త్ డకోటా స్టేట్ మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం ఆగి, 2004లో వెళ్లింది. నాకౌట్‌లో ఆడే జట్ల సంఖ్య 1988లో 8 నుంచి 16కు పెరిగింది. ఒక జట్టు పోయినా ఇంకో జట్టు ముందుకొచ్చేంత లోతు ఈ డివిజన్‌కు అప్పటికి వచ్చింది.

డబ్బు లెక్క కూడా చూడాలి. ఇటీవలి దాకా పై వర్గంలో ఒక జట్టుకు 85 ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పులు, దాని కింది వర్గంలో 63. డివిజన్ 2లో 36. ఈ 36ను ముక్కలు చేసి పంచవచ్చు. ఒకరికి సగం ఫీజు, ఇంకొకరికి పావు, మరొకరికి పుస్తకాల ఖర్చు. జట్టులో వంద మంది దాకా ఉంటారు కాబట్టి ఎక్కువమంది మిగతా ఫీజును అప్పు చేసో పనిచేసో కట్టుకుంటారు. క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ పని వెతుక్కునే మన పిల్లలకూ, పక్క గదిలో ఉండే ఫుట్‌బాల్ ఆటగాడికీ బతుకు లెక్కలు అంత దూరంగా ఏమీ ఉండవు.

మేరీవిల్ జట్టు పైకి వెళ్లకుండానే పేరు తెచ్చుకుంది. కోచ్ మెల్ చర్డ్స్‌మా వచ్చిన తొలి సీజన్, 1994లో, నార్త్‌వెస్ట్ 11 మ్యాచ్‌లాడి 11 ఓడింది. 1998లో 15 ఆడి 15 గెలిచి టైటిల్ కొట్టింది. 1999 ఫైనల్ నాలుగు ఓవర్‌టైమ్‌ల దాకా సాగింది. కార్సన్-న్యూమన్ మీద 58-52తో నెగ్గింది. 2005 నుంచి 2008 దాకా వరసగా నాలుగు ఫైనల్స్ ఆడి నాలుగూ ఓడింది, 2009లో ఐదోసారి వచ్చి గెలిచింది. 2013, 2015, 2016 కలిపితే మొత్తం 6 టైటిళ్లు. వారెన్స్‌బర్గ్‌కు జాతీయ ఫుట్‌బాల్ టైటిల్ ఇంకా రాలేదు. అయితే డివిజన్ 2లో ఉత్తమ ఆటగాడికి 1986 నుంచి ఇస్తున్న హార్లన్ హిల్ ట్రోఫీని 2023లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) జాక్ జెబ్రౌస్కీ గెలుచుకున్నాడు.