వెలివేసిన ఊరే మొక్కితే...

ఆరేళ్ల పిల్ల. అడవిలో పండ్లు కోసుకుంటూ తన ఈడు పిల్లల గుంపును చూసింది. దోసిట్లో పండ్లు పట్టుకుని సంబరంగా వాళ్ల దగ్గరికెళ్లింది. అక్కడున్న పెద్దావిడ తన పిల్లల్ని గబుక్కున పక్కకు తీసుకుంది. ఈ పిల్లను కసరలేదు, కొట్టలేదు. అసలు ఒక్క మాటైనా అనలేదు. వెలిపడ్డవాళ్లతో మాట్లాడకూడదన్నది వాళ్ల తెగ కట్టుబాటు. దుఃఖం ఆపుకోలేక పిల్ల అక్కణ్నుంచి పరుగు తీసింది.

‘హొరైజన్ జీరో డాన్’ వీడియోగేమ్ తొలి ఘట్టాల్లో ఒకటిది. ఆ పిల్ల పేరు ఏలోయ్. 2017 ఫిబ్రవరి 28న ప్లేస్టేషన్-4లోకి వచ్చిన ఈ అమ్మాయి ఆధునిక వీడియోగేముల్లో ఎన్నదగ్గ కథానాయికల్లో ఒకరైంది. యంత్రాలను కూల్చే వీరవనితగా ఆమె అందరికీ తెలుసు. ఆ వీరత్వం వెనకున్న వెలి కథే ఇది.

అమ్మ లేని పాప

కథాకాలం 31వ శతాబ్దం. మనం ఎరిగిన నాగరికత ఎప్పుడో కూలిపోయింది. నేటి అమెరికాలోని కొలరాడో, యూటా ప్రాంతాల్లో మనుషులు మళ్లీ తెగలుగా బతుకుతున్నారు. అడవుల్లో జంతువుల్లాంటి భారీ యంత్రాలు తిరుగుతుంటాయి. నోరా తెగలో తల్లిదే పెద్దరికం. వాళ్లు కొలిచేది కొండలో కొలువైన మహామాతను. ఒకరోజు ఆ కొండ గర్భంలో, తెరుచుకోని లోహపు తలుపు ముందు పసికందు దొరికింది. తల్లే సర్వస్వమైన చోట తల్లి ఎవరో తెలియని బిడ్డ! తెగను నడిపే పెద్దమ్మల్లో టీర్సా దాన్ని వరమంది, లాన్‌స్రా శాపమంది. చివరికి పాపను వెలిలో ఉన్న రోస్ట్ చేతిలో పెట్టారు. అలా ఏ తప్పూ చేయకుండానే ఏలోయ్ వెలిపడింది.

‘వెలి’ మనకు కొత్త మాటేం కాదు. ఊరికి ఆవల వెలివాడలు కట్టించిన సమాజం మనది. ఫలానా ఇంటివాళ్లతో మాట్లాడితే జరిమానా అంటూ ఊరి పెద్దలు తీర్మానించిన వార్తలు ఇప్పటికీ చదువుతున్నాం. అందుకే ఎక్కడో ఆమ్‌స్టర్‌డామ్‌లో అల్లిన ఈ కథ తెలుగువాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. పుట్టుకనే నేరంగా చూస్తే పసిమనసు ఎంత నలిగిపోతుందో ఎవరూ మనకు విప్పి చెప్పక్కర్లేదు.

చేతిలో రాయి

ఆ పిల్లల దగ్గర్నుంచి పారిపోతూ ఏలోయ్ పాతకాలపు శిథిలాల్లో పడిపోతుంది. అక్కడ ఆమెకు ఫోకస్ దొరుకుతుంది. చెవి పక్కన అంటించుకునే ఆ చిన్న పరికరం కంటికి కనబడని వివరాలన్నీ చూపిస్తుంది. తర్వాత యంత్రాల మంద మధ్య చిక్కుకున్న టెబ్ అనే కుర్రాణ్ని ఆమె దాని సాయంతోనే కాపాడుతుంది. కృతజ్ఞతగా దక్కింది మాత్రం మౌనం. ఆపైన బాస్ట్ అనే మరో కుర్రాడు విసిరిన రాయి.

ఏలోయ్ చేతిలోనూ ఇప్పుడు రాయి ఉంది. ఏం చేయాలో నిర్ణయించాల్సింది ఆడేవాళ్లే. వాడికేసి విసరొచ్చు, వాడి చేతిలోని రాయిని కొట్టొచ్చు, లేదా తన రాయిని కింద పడేయొచ్చు. పిడికిలి, బుద్ధి, హృదయం అన్న మూడు దారులివి. దేన్ని ఎంచుకున్నా కథ సాగిపోతుంది. కానీ అవమానం జరిగిన క్షణంలో మనం ఎలాంటివాళ్లమో తేల్చుకోమని గేమ్ మన చేతికే రాయి ఇస్తుంది. ఏళ్ల తర్వాత దర్జీ అయిన టెబ్ ఆనాటి మేలు మరవక ఏలోయ్‌కి బట్టలు కుట్టి ఇస్తాడు. తెగలో అందరూ ఒక్కలా ఉండరని ఆమెకు చెప్పేది ఆ బట్టలే.

చూపే ఆయుధం

తన తల్లెవరో ఆమెకు తెలియాలి. ప్రూవింగ్ అనే పోటీలో గెలిస్తే పెద్దమ్మల్ని ఓ కోరిక అడగొచ్చని రోస్ట్ చెబుతాడు. ఇక ఏళ్ల తరబడి విల్లు, ఈటె, పరుగు, కొండలెక్కడం... ఇదే లోకం.

ఈ ఎదుగుదల కథలోనే కాదు, ఆటలోనూ ఉంటుంది. మొదట్లో ఒంటికన్ను వాచర్ ఎదురైనా పొడవాటి గడ్డిలో నక్కి ఊపిరి బిగపట్టాల్సిందే. కండబలంతో ఏ యంత్రాన్నీ గెలవలేం. ఫోకస్‌తో చూసి దేనికి ఎక్కడ బలహీనతో, ఏది నిప్పుకు లొంగుతుందో, ఏది చలికి బిగుసుకుపోతుందో కనిపెట్టాలి. గంటలు గడిచాక అదే అమ్మాయి కొండంత థండర్‌జా ముందు నిలబడుతుంది. దాని ఒంటిమీది ఆయుధాన్ని బాణంతో ఊడగొట్టి, దాంతోనే దాన్ని కూలుస్తుంది.

ఊరు దగ్గరకు రానివ్వనివాళ్లకు మిగిలేది దూరం నుంచి చూడటమే. ఆ చూపునే ఏలోయ్ ఆయుధంగా మలుచుకుంది.

రోస్ట్ త్యాగం

పోటీలో ఆమె గెలుస్తుంది. సంతోషం తీరకముందే ఎక్లిప్స్ అనే ముఠా విరుచుకుపడి పోటీకొచ్చిన యువతను ఊచకోత కోస్తుంది. ఏలోయ్‌ని కాపాడుతూ రోస్ట్ ప్రాణం వదులుతాడు. తెగ కట్టుబాటును చివరిదాకా పాటించిన మనిషాయన. ఆమె తెగలో కలిశాక వెలివాడైన తనతో మాట్లాడితే తప్పవుతుందని, ముందే ఇల్లు విడిచి శాశ్వతంగా తప్పుకోవాలనుకున్నాడు. కూతురికి ఊరు దక్కాలని తనను తానే ఆమె బతుకులోంచి చెరిపేసుకోబోయిన తండ్రి.

మొక్కులు వద్దంది

తెగ సరిహద్దులు దాటి ఏలోయ్ వెతికిన నిజం కొండలోనే ఉంది. తెరుచుకోని ఆ తలుపు చివరికి ఆమెను గుర్తుపడుతుంది. ఆమె ఎవరి కడుపునా పుట్టలేదు. వెయ్యేళ్ల నాడు భూమ్మీద జీవం మళ్లీ మొలకెత్తే ఏర్పాటు చేసిన శాస్త్రవేత్త ఎలిజబెట్ సోబెక్ జన్యువులతో యంత్రం తయారుచేసిన బిడ్డ. ‘అమ్మ’ కోసం ఇంత దూరం నడిచిన అమ్మాయికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది?

ఆ గాయంతో బయటికొచ్చేసరికి తెగ తెగంతా మోకాళ్లమీద ఉంది. నిన్నటిదాకా పలకరించనివాళ్లు ఇప్పుడు దేవత అంటున్నారు. ఏ కథలోనైనా నాయిక కళ్లు తుడుచుకుని ఆ గౌరవం అందుకునే చోటు. ఏలోయ్‌కి కోపమొస్తుంది. పూజలొద్దంటుంది. ఈ సరిహద్దు అవతలా మనుషులున్నారని, వాళ్ల కోసమూ పోరాడాలని గట్టిగా చెబుతుంది.

ఆమె నిజంగా ఎదిగింది ఇక్కడే. వెలివేసినా, గుళ్లో నిలబెట్టినా పక్కన కూర్చోబెట్టుకోనట్టే. రెండింటిలోనూ మనిషి కనబడదు. ఒకప్పుడు ఆ తెగ ఒప్పుకోలు కోసం పన్నెండేళ్లు చెమటోడ్చిన పిల్ల, అది కాళ్ల దగ్గరకొచ్చినప్పుడు అవసరం లేదనగలిగింది. వందల యంత్రాలను పడగొట్టినా రాని ధైర్యం ఆ ఒక్క మాటలో ఉంది.

గాయం మాత్రం పూర్తిగా మానదు. 2022లో వచ్చిన ‘హొరైజన్ ఫర్‌బిడెన్ వెస్ట్’లో ఆమె అన్నీ ఒంటరిగానే మోయాలని చూస్తుంది. సాయానికొచ్చిన స్నేహితులనూ వదిలి వెళ్లిపోతుంది. ఒంటరితనానికి అలవాటుపడ్డ మనిషి ఇంకొకరి చేయి అందుకోవడం ఎంత కష్టమో ఆ కథ ఓపిగ్గా చెబుతుంది.

గురి తప్పని సాహసం

ఏలోయ్‌ని సృష్టించిన ఆమ్‌స్టర్‌డామ్ సంస్థ గెరిల్లా గేమ్స్ అంతకుముందు ‘కిల్‌జోన్’ తుపాకీ ఆటలకు పేరుపడింది. దాన్ని పక్కనపెట్టి విల్లు పట్టిన అమ్మాయిని ముందు నిలపడం అప్పట్లో సాహసమే. అమ్మాయి నాయికైతే జనం ఏమంటారోనని సోనీ ముందుగా పరీక్షించి చూసింది. ఆ అనుమానాలకు ఆటే జవాబిచ్చింది. 2 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. నాయికకు గొంతునిచ్చిన ఆష్లీ బర్చ్ ఆమె మొండితనాన్నీ, బెంగనూ ఒకే స్వరంలో పలికించారు.

ఆటలో వెళ్లితీరాలని లేని చోటొకటుంది. రోస్ట్ సమాధి. కథ మధ్యలో ఎప్పుడైనా అక్కడికెళ్తే, ఏలోయ్ ఆయన పక్కన కూర్చుని తను చూసినవీ, తెలుసుకున్నవీ చెప్పుకుంటుంది. వెలిపడ్డవాళ్లతో మాట్లాడటం ఆ తెగలో నేరం. ఆమె మాట్లాడుతూనే ఉంటుంది.