అన్నా, ఏ లాప్‌టాప్ కొనమంటావ్?

ఫస్ట్ ఇయర్ అడ్మిషన్లు అయ్యాయో లేదో ప్రతి సీనియర్‌కీ ఈ మెసేజ్ వస్తుంది. దాని కిందే ఇంకో లైన్: "బడ్జెట్ 60 వేలు." చాలా ఇళ్లల్లో ఆ 60 వేలు అంటే పాడుకున్న చిట్టీ డబ్బులు, లేదంటే నెలనెలా ఈఎమ్ఐ. మనం మాత్రం ఐదు సెకన్లలో ఏదో ఒక కంపెనీ పేరు చెప్పేస్తాం. ఆ పేరు ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఖాజాగూడలో మా హాస్టల్ రూమ్‌నే చూడండి. ఒకడి లాప్‌టాప్‌కి పది నెలలకే మదర్‌బోర్డు పోయింది. ఆ కంపెనీ పేరెత్తితే చాలు, వాడికి మండిపోతుంది. పక్క మంచం వాడిదీ అదే కంపెనీ. రెండేళ్లు దాటింది, ఒక్క సమస్య లేదు. వీడు అందరికీ అదే కొనమంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. గొడవంతా అక్కడే.

2009లో స్క్వేర్‌ట్రేడ్ అనే అమెరికా వారంటీ కంపెనీ, తన దగ్గర కవరేజ్ ఉన్న 30 వేలకు పైగా లాప్‌టాప్‌ల లెక్క బయటపెట్టింది. మూడేళ్లలో 31 శాతం దాకా ఏదో ఒకలా దెబ్బతింటాయని తేల్చింది. అందులో 20 శాతం వాటంతటవే పాడయ్యేవి, మిగతావి కిందపడటం, నీళ్లు ఒలకడం లాంటివి. కంపెనీల వారీగా చూస్తే, వాటంతటవే పాడయ్యేవి అన్నిటికంటే తక్కువ ఏసస్‌కి, 15.6 శాతం. అన్నిటికంటే ఎక్కువ హెచ్‌పీకి, 25.6 శాతం. ఆ ర్యాంకులు ఇప్పుడు పనికిరావు, ఆ మోడల్స్ అన్నీ ఎప్పుడో పోయాయి. కానీ తేడా ఎంతో చూడండి. ఫస్ట్ వచ్చిన కంపెనీలోనూ ఆరింటిలో ఒకటి పాడవుతోంది. లాస్ట్ వచ్చిన దాంట్లోనూ నాలుగింటిలో మూడు బాగానే ఉన్నాయి. ఒక్క లాప్‌టాప్ వాడినవాడికి ఈ తేడా కనిపించే ఛాన్సే లేదు.

ముగ్గుర్ని అడిగితే? మూడేళ్లలో 20 శాతం పాడయ్యే కంపెనీ అనుకుందాం. ముగ్గురివీ బాగుండే అవకాశం 0.8ని మూడుసార్లు గుణిస్తే వస్తుంది, అంటే 51 శాతం. కనీసం ఇద్దరివి పాడయ్యే అవకాశం 10 శాతం. అంటే ముగ్గురేసి ఉన్న గ్యాంగులు పది ఉంటే, సుమారు ఐదు గ్యాంగులు "సూపర్ బ్రో" అంటాయి, ఒక గ్యాంగ్ "చెత్త" అని ఒట్టేసి చెప్తుంది. కంపెనీ అదే, లాప్‌టాపూ అదే!

పైగా పాడైనవాడి మాటే మనకి గుర్తుంటుంది. మిడ్ ఎగ్జామ్ ముందురోజు స్క్రీన్ నల్లబడిన కథ చెప్పుకుంటాం గానీ, "ఈరోజు కూడా ఆన్ అయింది" అని ఎవడూ స్టేటస్ పెట్టడు. ఒక విషయం ఎంత సులువుగా గుర్తొస్తే అది అంత ఎక్కువగా జరుగుతోందని మనసు లెక్కేసుకుంటుందని ట్వెర్‌స్కీ, కానెమన్ 1973లోనే రాశారు.

మన ఏరియాలో ఇంకో తిరకాసు ఉంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో రాయదుర్గంలోనో పనిచేసే అన్నయ్యలు, అక్కలు "మా ఆఫీసులో ఇదే, రాయిలా ఉంటుంది" అంటారు. వాళ్ల చేతిలో ఉన్నది లాటిట్యూడో, థింక్‌ప్యాడో, ఎలైట్‌బుక్కో. అవి బిజినెస్ సిరీస్. ఏదైనా అయితే ఐటీ డెస్క్ వాళ్లు ఇంకోటి చేతిలో పెడతారు. మనం 60 వేలకి కొనేది అదే లోగో ఉన్న వేరే వస్తువు. బాడీ వేరు, హింజ్ వేరు, సర్వీస్ వేరు. దాన్ని మనం మంచం మీద దుప్పటిపై పెట్టి ఆడతాం. దుప్పటి కింద గాలి పోయే జాలీలని మూసేస్తుంది. ఇక్కడ ఏ మూల చూసినా కట్టే టవర్ల దుమ్ము ఫ్యాన్లో చేరుతుంది. యాపిల్ తన మ్యాక్‌బుక్‌లని 35 డిగ్రీల లోపు వాడమని రాస్తుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు 40 దాటడం మామూలే. ఏసీ లేని హాస్టల్ రూమ్‌లో పోయిన లాప్‌టాప్‌నీ, ఆఫీసు ఏసీలో బతికిన లాప్‌టాప్‌నీ పోల్చి కంపెనీలకి మార్కులు వేస్తున్నాం మనం.

అలాగని అనుభవాలన్నీ కొట్టిపారేయలేం. 2015లో యాపిల్ బటర్‌ఫ్లై కీబోర్డ్ తెచ్చింది. సన్నటి దుమ్ము పడినా కీ పనిచేయట్లేదని, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోందని ఒకరికొకరు తెలియని మనుషులు ఒకే కంప్లయింట్ చెప్పారు. 2018లో కంపెనీ ఫ్రీ రిపేర్ ప్రోగ్రామ్ పెట్టింది, 2019 చివర్నుంచి పాత తరహా కీబోర్డ్‌కి మారింది, 2022లో కోర్టు కేసులో 5 కోట్ల డాలర్లకి రాజీపడింది. అక్కడ పనికొచ్చింది "పాడైంది" అన్న కోపం కాదు. ఏ మోడల్, ఏ పార్ట్, ఎలా పాడైంది అన్న వివరం.

కాబట్టి జూనియర్స్, "ఏ కంపెనీ?" అని అడగొద్దు. మోడల్ నంబర్ ఏంటి, ఏం పోయింది, ఎన్ని నెలలకి, సర్వీస్ సెంటర్ వాళ్లు ఎన్ని రోజులు తీసుకున్నారు, ఇవి అడగండి. సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా, వారంటీ కాగితం చదవండి. మామూలు వారంటీలో కిందపడటం, నీళ్లు ఒలకడం సాధారణంగా ఉండవు. వాటికి యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా తీసుకోవాలి. క్యాంటీన్‌లో టీ కప్పుని కీబోర్డ్ పక్కనే పెట్టుకుని కోడ్ రాసేవాళ్లు ఈ లైన్ రెండుసార్లు చదవండి.