ఖాళీ స్థలం చెప్పే అర్థం

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థలో వేలాది తాళపత్ర గ్రంథాలు భద్రపరచబడి ఉన్నాయి. ప్రాచీన తాళపత్రాన్ని చూచినవారిని మొదట ఆకర్షించే విశేషం అందులో ఖాళీ స్థలం లేకపోవడమే. ఎడమ అంచు నుండి కుడి అంచు వరకు అక్షరాలు ఎడతెగక సాగిపోతాయి. పదానికీ పదానికీ నడుమ ఎడం ఉండదు. పద్యపాదం ముగిసినంత మాత్రాన కొత్త పంక్తి మొదలు కాదు. అయినప్పటికీ ఛందస్సు నెరిగిన పాఠకుడు తడబడడు. గణాలు, యతిప్రాసలు అతనికి పాదాల హద్దులను తెలుపుతాయి. అదే పద్యం అచ్చుపుస్తకంలో నాలుగు పంక్తులై కంటికి ఇంపుగా నిలుస్తుంది. తిరుమల రాగిరేకులలోని అన్నమాచార్యుల సంకీర్తనలను వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించిన తరువాతనే నేటి పాఠకులు వాటిని పల్లవి, చరణాల విభాగంతో సుఖంగా చదువుకోగలుగుతున్నారు.

దీనినిబట్టి ఒక సత్యం బోధపడుతుంది. రచన స్వరూపాన్ని నిర్ణయించేది దాని అంతర్గత నియమం. ఆ స్వరూపాన్ని కంటికి చూపేది ఖాళీ స్థలం. ఈ రెండింటి సంబంధం కంప్యూటర్ ప్రోగ్రామ్ రచనలో మరింత స్పష్టంగా గోచరిస్తుంది.

ప్రోగ్రామ్ అనేది యంత్రానికిచ్చే ఆదేశాల వరుస. కొన్ని ఆదేశాలు ఎల్లప్పుడూ అమలు జరుగుతాయి. మరికొన్ని ఒక షరతుకు లోబడి మాత్రమే జరుగుతాయి. షరతుకు లోబడిన ఆదేశాలను పంక్తి ఆరంభంలో కొంత ఖాళీ వదలి లోపలికి జరిపి వ్రాయడాన్ని ఇండెంటేషన్ అంటారు. ఇంటర్మీడియట్ ఫలితాలను లెక్కించే ఈ చిన్న ఆదేశాల వరుసను పరిశీలించవచ్చు:

మార్కులు 35 కంటె తక్కువైన యెడల
    ఫలితం "అనుత్తీర్ణం" అని వ్రాయుము
    అనుత్తీర్ణుల సంఖ్యకు 1 కలుపుము
తరువాతి విద్యార్థి మార్కులు తీసికొనుము

చదివేవారికి రెండవ, మూడవ పంక్తులు రెండూ షరతుకు లోబడినవిగానే తోస్తాయి. కాని సి భాషలో యంత్రం ఖాళీ స్థలాన్ని లెక్కచేయదు. ఫ్లవర్ బ్రాకెట్లు లేనప్పుడు షరతు వెంటనే వచ్చే ఒక్క ఆదేశం మాత్రమే దానికి లోబడుతుంది. అందువలన మూడవ పంక్తి ప్రతి విద్యార్థి విషయంలోనూ అమలవుతుంది. అరవైమంది ఉన్న తరగతిలో అయిదుగురే తప్పినా, అరవైమందీ తప్పినట్లు లెక్క తేలుతుంది. మనిషి రూపాన్ని నమ్మాడు. యంత్రం గుర్తును మాత్రమే పాటించింది.

ఇది కేవలం ఊహకు పరిమితమైన ప్రమాదం కాదు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ తన ఫోన్లలోని ఒక భద్రతా లోపాన్ని సరిదిద్దింది. ఇంటర్నెట్‌లో అవతలి కంప్యూటర్ నిజమైనదో కాదో తేల్చే భాగంలో "గోటు ఫెయిల్" అనే ఆదేశం పొరపాటున వరుసగా రెండుసార్లు పడింది. రెండూ సమానంగా లోపలికి జరిగి ఉండడంతో రెండవది కూడా షరతుకు లోబడినదిగానే కనిపించింది. వాస్తవానికి అది ప్రతిసారీ అమలై, సంతకాన్ని పరీక్షించే దశను దాటవేసింది. నకిలీ కంప్యూటర్‌ను సైతం అసలైనదిగా అంగీకరించే అవకాశం ఆ విధంగా ఏర్పడింది. ఒకే ఒక్క పంక్తి, దాని ముందున్న కొద్దిపాటి ఖాళీ ఇంతటి అనర్థానికి చోటిచ్చాయి.

ఇటువంటి భ్రమను తొలగించడానికి టెక్స్ట్ ఎడిటర్లలోని స్వయంచాలక ఇండెంటేషన్ ఉపకరిస్తుంది. 1985లో వెలువడిన గ్నూ ఈమాక్స్, 1991లో వెలువడిన విమ్ వంటి ఎడిటర్లు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణలు. ఈ ఏర్పాటు వెనుకనున్న నియమాలు సులభమైనవే. కొత్త పంక్తి మామూలుగా పై పంక్తి మొదలైన చోటనే మొదలవుతుంది. పై పంక్తి తెరచిన ఫ్లవర్ బ్రాకెట్‌తో ముగిస్తే, కొత్త పంక్తి ఒక మెట్టు లోపలికి జరుగుతుంది. మూసే బ్రాకెట్‌ను టైపు చేయగానే, ఆ పంక్తి తన జతను తెరచిన పంక్తికి సమానంగా వెనుకకు వస్తుంది. కొటేషన్ గుర్తుల నడుమనున్న బ్రాకెట్లను, మనుషుల కోసం వ్రాసుకొన్న వ్యాఖ్యలలోని బ్రాకెట్లను లెక్కలోనికి తీసుకొనరాదు. లేనియెడల లెక్క తప్పి, తరువాతి పంక్తులన్నీ చెదిరిపోతాయి.

పై ఉదాహరణను సి భాషలో వ్రాసి, ఎడిటర్ చేత మరల సర్దించినట్లయితే మూడవ పంక్తి వెనుకకు వచ్చి షరతుతో సమానంగా నిలుస్తుంది. దోషం తొలగదు గాని బయటపడుతుంది. యంత్రం దేనిని ఎట్లా గ్రహిస్తుందో ఎడిటర్ మనిషి కంటికి చూపినదన్నమాట. సి భాషా ప్రోగ్రామ్‌లను యంత్రభాషలోకి మార్చే జిసిసి కూడా 2016లో వెలువడిన ఆరవ రూపం నుండి తప్పుదోవ పట్టించే ఇండెంటేషన్‌ను గుర్తించి హెచ్చరించగలుగుతున్నది.

ఖాళీ స్థలానికే అర్థాన్ని కల్పించిన భాషలు మరొక వర్గం. ఇంగ్లండుకు చెందిన పీటర్ లాండిన్ 1966లోనే ఈ భావనను "ఆఫ్‌సైడ్ నియమం" అనే పేరుతో ప్రతిపాదించాడు. గీడో వాన్ రోసమ్ రూపొందించి 1991లో విడుదల చేసిన పైథాన్ భాష ఈ మార్గాన్నే అనుసరించింది. అందులో ఆదేశాల సముదాయాన్ని సూచించడానికి ఫ్లవర్ బ్రాకెట్లు ఉండవు. ఏ పంక్తి ఎంత లోపలికి జరిగి ఉన్నదో అదే దాని స్థానాన్ని నిర్ణయిస్తుంది. ఒక్కొక్క మెట్టుకు నాలుగు ఖాళీలు వదలడం పైథాన్ రచయితలు పాటించే సంప్రదాయం. కంటికి కనిపించేదీ యంత్రం గ్రహించేదీ ఒకటే కావడం ఈ పద్ధతిలోని గుణం.

అయితే ఈ గుణంతోపాటు ఒక బాధ్యత కూడా సంక్రమిస్తుంది. సి భాషలో ఖాళీలన్నీ చెరిగిపోయినా బ్రాకెట్ల ఆధారంతో ఎడిటర్ వాటిని తిరిగి నిలపగలదు. పైథాన్‌లో ఖాళీ చెరిగిపోతే అర్థమే చెరిగిపోతుంది. షరతు చివర కోలన్ గుర్తును చూచి తరువాతి పంక్తిని లోపలికి జరపడం ఎడిటర్‌కు సాధ్యమే. కాని ఆ సముదాయం ఎక్కడ ముగియాలో అది ఊహించలేదు. అనుత్తీర్ణుల సంఖ్యకు ఒకటి కలపవలసినది తప్పినవారికా, అందరికా అనే నిర్ణయం ప్రోగ్రామ్ వ్రాసేవారిదే.

తాళపత్రాన్ని పరిష్కరించే పండితుడు ఒక పదాన్ని తప్పుచోట విడదీస్తే కవి చెప్పని అర్థం పుడుతుంది. ప్రోగ్రామ్ రచయిత ఒక పంక్తిని తప్పుచోట నిలిపితే తాను తలపెట్టని పని జరుగుతుంది. ఖాళీని వదలడం ఎడిటర్ నేర్చుకొన్న విద్య. ఆ ఖాళీ ఏమి చెబుతున్నదో చదివి, అదే తన ఉద్దేశమా అని ప్రశ్నించుకొనడం మనిషి నేర్వవలసిన విద్య.