పెద్దలలో మోచేతి ఎముక విరుగుళ్లు – శస్త్రచికిత్స: నందిగామ, జగ్గయ్యపేట ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం:

‘మోచేయి విరిగింది’ అనే మాట జనవ్యవహారంలో ఒక్కటే. వైద్యశాస్త్రంలో అది మూడు ఎముకలకు సంబంధించినది. పైనుండి వచ్చే భుజాస్థి, ముంజేతిలోని రత్ని, అరత్ని అక్కడ కలుస్తాయి. పెద్దలలో భుజాస్థి కింది కొన విరగడం అరుదు. మొత్తం విరుగుళ్లలో సుమారు 2 శాతం. అయినా చికిత్సకు మిక్కిలి కష్టసాధ్యమైన వాటిలో ఇది ఒకటి.

కృష్ణా జిల్లా మెట్టప్రాంతంగా పేరుపొంది, 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా 65వ జాతీయ రహదారి సాగుతుంది. యువకులలో ఈ విరుగుడుకు ప్రధాన కారణం వాహన ప్రమాదాలే. ఎముకలు గుల్లబారిన వృద్ధ స్త్రీలకు వాకిట్లో జారిపడినా చాలు. పత్తితీత, మిరపకోతలపై బతికే కుటుంబాలలో మోచేయి బిగుసుకుపోవడమంటే కూలి పోవడమే.

నిర్మాణం:

భుజాస్థి కింది కొన రెండు స్తంభాలుగా చీలి, వాటి నడుమ బావిగిలకను పోలిన భాగాన్ని మోస్తుంది. అరత్ని కొన ఆ గిలకపై తిరుగుతుంది. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ఎ.ఓ. వర్గీకరణలో కీలు వెలుపలి విరుగుడు ‘ఎ’, కీలులో కొంతభాగం మాత్రమే విడిపోతే ‘బి’, కీలు పగిలి ఎముక కాండం నుండి పూర్తిగా వేరుపడితే ‘సి’.

మోచేయికి బిగుసుకుపోయే స్వభావం ఎక్కువ. నిత్యకృత్యాలకు 30 నుండి 130 డిగ్రీల మధ్య కదలిక కావాలని మోరే బృందం 1981లో నిరూపించింది. ‘మోచేతికి బెల్లం రాసి నాకమన్నట్లు’ అనే సామెత అందని మోచేతిని గురించినది. కదలిక తగ్గినవారికి అరచేతిలోని ముద్ద కూడా నోటికి అందదు. వారాల తరబడి పిండికట్టులో ఉంచడం సాధారణంగా తగదని చెప్పడానికి కారణమిదే.

శస్త్రచికిత్స:

మోచేతి వెనుకనుండి కోత పెట్టి, ముందుగా అల్నార్ నరాన్ని గుర్తించి కాపాడుతారు. మోచేయి దేనికైనా తగిలినప్పుడు ‘కరెంటు కొట్టినట్లు’ అనిపించేది ఈ నరం వల్లనే. ‘సి’ రకంలో కీలు స్పష్టంగా కనిపించడానికి అరత్ని పైకొనను కోసి పైకెత్తి, చివర మళ్లీ బిగించడం పరిపాటి. మొదట గిలక ముక్కలను కూర్చి, తరువాత రెండు ప్లేట్లతో రెండు స్తంభాలను కాండానికి బిగిస్తారు. ప్లేట్లను సమాంతరంగా అమర్చినా, లంబకోణంలో అమర్చినా మంచి ఫలితాలు లభిస్తున్నాయి. జనం దీనినీ ‘రాడ్డు వేశారు’ అంటారు. నిజానికి ఇక్కడ రాడ్డుకు చోటే లేదు. బిగింపు గట్టిగా ఉంటే కొద్దిరోజులకే కదలికలు మొదలుపెట్టవచ్చు.

65 ఏళ్లు దాటి, కీలు నుజ్జయినవారికి కృత్రిమ కీలు మరొక మార్గం. 2009లో వెలువడిన కెనడా అధ్యయనంలో రెండేళ్ల తరువాత వీరి చేతిపని ప్లేట్లు వేసినవారికంటే మెరుగ్గా ఉంది. కాని జీవితాంతం ఒకసారికి సుమారు 5 కిలోలకు మించి ఎత్తరాదు. నిండుబిందెను మరచిపోవలసిందే. ఈ సంగతి రోగికి ముందుగానే చెప్పాలి.

నాటుకట్టు:

పుత్తూరు కట్టు ఖ్యాతి తెలుగునాట సుప్రసిద్ధం. భుజాస్థి నడిమి భాగం విరిగితే ఆధునిక వైద్యం కూడా తరచుగా కట్టుతోనే నయంచేస్తుంది. కనుక ఆ నమ్మకాన్ని మూఢత్వమని కొట్టివేయలేము. కీలులోని విరుగుడు సంగతి వేరు. గాయపడిన మోచేతిని నూనెతో గట్టిగా మర్దించడం వల్ల కండరాలలో కొత్త ఎముక పేరుకుపోయే ప్రమాదం ఉంది. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, ఎముక చర్మాన్ని చీల్చుకొని వచ్చినా ఆనాడే ఆసుపత్రికి చేరాలి. మూడు వారాలు గడిస్తే ముక్కలు వంకరగా అతుక్కోవడం మొదలవుతుంది. అప్పుడు శస్త్రవైద్యుడు వాటిని మళ్లీ విడదీసి కూర్చవలసి వస్తుంది.