కరివేపాకు చెట్టు మీది పురుగును ఈ సెలవుల్లో ఉండనివ్వండి



జూన్ రెండో వారం దాకా పిల్లలు ఇంటి దగ్గరే ఉంటారు. పాలకుర్తిలో చాలా ఇళ్లకు ఇంకా పెరడు ఉంది. పెరడు లేకపోయినా వాకిట్లో కరివేపాకు చెట్టో, నిమ్మ చెట్టో ఉంటుంది. ఈ సెలవుల్లో పిల్లలను రోజూ ఓ అరగంట ఆ చెట్టును చూడమనండి.

కరివేపాకు లేత ఆకుల మీద ఆవగింజంత లేతపసుపు గుడ్లు కనిపిస్తాయి. అవి నిమ్మ సీతాకోకచిలుక పెట్టినవి. నల్లటి రెక్కల మీద పసుపు మచ్చలుండే ఈ సీతాకోకచిలుకను మీరంతా చూసే ఉంటారు. మనం శివుడికి సమర్పించే మారేడు ఆకులను కూడా దీని పిల్లలు తింటాయి. గుడ్డులోంచి వచ్చిన పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటుంది. ఆ వేషం వల్లే పిట్టలు దాన్ని పట్టించుకోవు. నాలుగుసార్లు పైపొర విడిచాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. మెల్లగా పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది. బెదిరించడమే తప్ప అది కుట్టదు, కరవదు. మునగ చెట్టుకు పట్టే వెంట్రుకల గొంగళి పురుగులు మాత్రం వేరు. వాటిని ముట్టుకుంటే దురద పుడుతుంది, పిల్లలను దూరంగా ఉంచండి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఆకులకు చిల్లులు కనబడగానే పత్తి చేనుకు తెచ్చిన మందులో మిగిలింది పెరట్లో చెట్టుకూ కొట్టేస్తాం. అదే ఆకును పప్పు తాలింపులో వేస్తాం! నాలుగు రెమ్మలు పోయినంత మాత్రాన కరివేపాకు చెట్టు చావదు, మళ్లీ చిగురిస్తుంది. మందు కొడితే మాత్రం సీతాకోకచిలుకలతో పాటు పిట్టలకూ కష్టమే. గింజలు తినే పిచ్చుక కూడా గూట్లోని పిల్లలకు పురుగులే తెచ్చి పెడుతుంది. తేనె తాగే తేనెపిట్టదీ అదే పద్ధతి. కాబట్టి మీ పిల్లలు పేరు పెట్టుకున్న పురుగును ఒకరోజు ఏ పిట్టో ఎత్తుకుపోవచ్చు. ఏడిస్తే ఏడవనివ్వండి, ఆ పిట్ట గూడు ఎక్కడుందో దూరం నుంచి వెతకమనండి. గూటిని తాకనివ్వొద్దు.

ఈ కాలంలో మగ తేనెపిట్ట ఎండలో నీలంగా మెరుస్తుంది, ఆడది గోధుమ, పసుపు రంగుల్లో ఉంటుంది. కూసే నల్ల కోకిల మగది. ఒంటి నిండా తెల్లచుక్కలుండే ఆడ కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది, పిల్లను కాకే మేపుతుంది. దసరా నాడు వెతుక్కుంటూ పోయి చూసే మన రాష్ట్ర పక్షి పాలపిట్ట ఇప్పుడు పొలాల పక్కన కరెంటు తీగల మీదే కూర్చుని ఉంటుంది. గాల్లో పల్టీలు కొట్టేది కూడా ఈ నెలల్లోనే.

ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో ఉదయం తొమ్మిదిలోపే చూడమనండి. ఆ తర్వాత పిట్టలూ నీడకు చేరతాయి, మన పిల్లలూ చేరాలి. లోతు లేని మట్టి మూకుడులో నీళ్లు పోసి నీడలో పెట్టండి, దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ మార్చండి. పారబోసిన నీటితో తడిసిన మట్టి మీద సీతాకోకచిలుకలు వాలితే చెదరగొట్టొద్దు, అవి అందులోని లవణాలను పీల్చుకుంటాయి.

గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా మూడు, నాలుగు వారాలు పడుతుంది. పురుగు తిండి మానేసి కొమ్మకు సన్నని దారంతో కట్టుకుని గూడుగా మారాక డబ్బాలో పెట్టొద్దు, కొమ్మ మీదే ఉంచండి. గూడు నల్లబడి లోపలి రెక్కల మచ్చలు కనిపిస్తే మర్నాడు పొద్దున్నే పిల్లలను లేపండి. బయటికొచ్చిన సీతాకోకచిలుక ముడుచుకున్న రెక్కలను ఆరబెట్టుకుని ఎగిరిపోతుంది. ఖాళీ గూడును మాత్రం పిల్లలు దాచుకుని జూన్‌లో తరగతికి తేవచ్చు.