ప్రక్క గది వార్త

చిన్న పట్టణములలో ఇటీవలి కాలము వరకు ఒక దృశ్యము పరిపాటిగా కనిపించుచుండెడిది. దీపాలవేళ పురపాలక సంఘపు నౌకరు తప్పెట భుజమునకు తగిలించుకొని వీథి మొగమున నిలిచి నాలుగు దెబ్బలు వేయును. అరుగులమీది మాటలు ఆగును. పిల్లలు పరుగెత్తుకొని వత్తురు. "రేపు పొద్దున మంచినీళ్లు రావు, ఈ రాత్రికే పట్టుకోండహో!" అని చాటి అతడు తరువాతి వీథికి సాగిపోవును. దీనిని కొన్ని సీమలవారు టముకు వేయుట యందురు, కొన్ని సీమలవారు దండోరా యందురు; చాటింపు అన్నచో అందరికిని తెలియును.

ఆ చాటింపులో పాండిత్యము లేదు, అలంకారము లేదు. కాని పరిపాలనమునకు ప్రాణమైన ధర్మ మొకటి అందులో ఇమిడియున్నది. చేయబోవు పనిని, దానివలన ఇబ్బందిపడబోవు వారికి ముందుగా చెప్పవలెను. ఈ ధర్మమును ప్రజల విషయమున కొంతవరకైనను పాటించిన కార్యాలయములు తమలో తాము మాత్రము మరచుచుండుట వింత. ఊరంతకును వినబడిన తప్పెట ఒక్కొక్కప్పుడు ప్రక్క గదికి వినబడదు.

పట్టణపాలనము ఒక్కటే యని బయటివారు తలంతురు. లోపలికి పోయి చూచినచో అది పలు శాఖల సముదాయము. ఎన్నికైన సభ్యులతో కౌన్సిలు ఒకటి. దాని తీర్మానములను అమలు జరుపు కమీషనరు ఒకరు. ఆయన క్రింద పన్నులు వసూలుచేయు రెవెన్యూ విభాగము, రోడ్లును కాలువలును మంచినీటి గొట్టములును చూచు ఇంజనీరింగు విభాగము, పారిశుధ్యము చూచు ఆరోగ్య విభాగము, ఇండ్ల ప్లానులు పరిశీలించు పట్టణ ప్రణాళికా విభాగము. ఇవి యన్నియు ఒక కప్పు క్రిందివి. ఆ కప్పునకు వెలుపల విద్యుత్తు పంపిణీ సంస్థ, రోడ్లు భవనముల శాఖ, టెలిఫోను సంస్థలు, పోలీసు ఠాణా, ప్రభుత్వ ఆసుపత్రి గలవు. ప్రతి శాఖకును వేరుగా పై అధికారి గలడు. వేరుగా పద్దు గలదు, వేరుగా రిజిష్టరు గలదు. వార్త ప్రతి శాఖలోను మెట్లెక్కి జిల్లా కేంద్రమునకు పోవును. అచ్చటినుండి రాజధానికిని పోవును. ప్రక్క బల్లకు మాత్రము రాదు.

ఇందువలన కలుగు తొలి ఫలితము నవ్వు పుట్టించునది. ఒక వీథికి క్రొత్తగా సిమెంటు రోడ్డు వేయుదురు. నెల తిరుగకముందే కేబులువారు వచ్చి ఒక ప్రక్కను త్రవ్వుదురు. ఆ గుంట పూడకముందే కుళాయి గొట్టము మార్చువారు వచ్చి రెండవ ప్రక్కను త్రవ్వుదురు. ప్రజలు చూచి, అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నదని సామెత చెప్పుకొని నవ్వుకొందురు. ఇందులో ఎవరిని విడిగా తప్పుపట్టుటకు వీలులేదు. రోడ్డు వేసినవాడు తన అంచనా ప్రకారము వేసెను. త్రవ్వినవాడు తన అనుమతి ప్రకారము త్రవ్వెను. నేల క్రింది పని ముందు, నేల మీది పని వెనుక అను సంగతి ఏ మేస్త్రీ నడిగినను చెప్పును. తెలియనిది ఒక్కటే: తక్కినవాడు ఎప్పుడు వచ్చుచున్నాడో!

అన్ని వేళల ఇది నవ్వుతో పోదు. పెక్కు పట్టణములలో మంచినీరు రోజంతయు రాదు. ఉదయ మొక గంటయో, దినము విడిచి దినమో వదలుదురు. నీరు వదలినప్పుడు గొట్టములో ఒత్తిడి యుండును. పగులున్నచో నీరు బయటికి కారును. నీరు కట్టివేసినప్పుడు ఒత్తిడి తగ్గును. అదే పగులు అప్పుడు బయటి నీటిని లోపలికి పీల్చుకొనును. ఆ గొట్టము మురుగుకాలువ ప్రక్కగా పోవుచున్నయెడల లోపలికి వచ్చునది మురుగే. మరునాటి ఉదయము కుళాయి త్రిప్పగానే మొదటి బిందెలో పడునదియు అదియే. ఈ యాపదను కాచుకొనుటకే నీటిలో క్లోరిను కలుపుదురు. కుళాయి వద్దకు చేరిన నీటిలో లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము. దీనిని పరీక్షించుటకు ఒక చిన్న గాజుగొట్టమును కొన్ని చుక్కల ద్రవమును చాలును. క్లోరిను ఉన్నయెడల నీరు పసుపురంగు తిరుగును.

ఇట్టి వీథి నొకదానిని ఊహించి చూడవచ్చును. తన పలుగు గొట్టమునకు తగిలినదని కేబులు త్రవ్విన కూలికి తెలియును. వీథి చివరి కుళాయిలో నీరు రెండు దినములనుండి పసుపు తిరుగుట లేదని ఫిట్టరునకు తెలియును. అచ్చటి కాలువ పూడి మురుగు నిలిచినదని పారిశుధ్య మేస్త్రీకి తెలియును. ఆ వీథినుండి నిన్న ఇద్దరును నేడు ఐదుగురును వాంతులు విరేచనములతో వచ్చిరని ఆసుపత్రిలోని నర్సుకు తెలియును. నలుగురును తమ పని తాము చేసినవారే. కాని ఆ నాలుగు సంగతులు ఒక బల్లమీదికి వచ్చుట ఎప్పుడు? ఆ ఉదయమే వచ్చినయెడల కుళాయిలు కట్టివేసి, ట్యాంకరుతో నీరు పంపి, గొట్టము బాగుచేయుదురు. వ్యాధి ఆ కొలదిమందితో ఆగిపోవచ్చును. నెలాఖరు సమావేశమునకు వచ్చినయెడల అవి శోకవార్తలు మాత్రమే. ఇది వట్టి ఊహ యనుటకు వీలులేదు. 2018 మార్చిలో గుంటూరు నగరమున కలుషితమైన త్రాగునీటివలన అతిసారము ప్రబలి పలువురు మరణించిరి.

వేర్వేరు పుస్తకములు ఒక బల్లమీదికి వచ్చినప్పుడు ఏమి జరుగునో చూపు దృష్టాంతము వైద్య చరిత్రలో ఒకటి కలదు. 1854 ఆగస్టు చివర లండను నగరపు సోహో పేటలో, బ్రాడ్ వీథి పరిసరములలో కలరా చెలరేగి కొలది దినములలో వందలమందిని కబళించెను. జాన్ స్నో అను వైద్యుడు మరణముల పట్టికను ప్రభుత్వ కార్యాలయమునుండి సంపాదించి, చనిపోయినవారు ఏ నీరు త్రాగిరో ఇల్లిల్లు తిరిగి విచారించెను. మరణములలో అధికభాగము ఒక్క పంపు చుట్టును చేరియుండెను. సెప్టెంబరు 7వ తేదీ సాయంకాలము ఆయన ఆ పేట పాలకమండలి సమావేశమునకు పోయి తాను గ్రహించిన సంగతి విన్నవించెను. మరునాడే ఆ పంపు పిడిని తీయించిరి. అప్పటికే రోగము తగ్గుముఖము పట్టియుండెనని స్నో మహాశయుడే నిజాయితీతో వ్రాసెను. మరుసటి యేట హెన్రీ వైట్‌హెడ్ అను మతగురువు జరిపిన విచారణవలన, వ్యాధిగ్రస్తమైన ఒక శిశువు ఇంటి మురుగుగుంట ఆ బావిలోనికి ఊరుచుండెనని బయటపడెను. మరణములు ఒక కార్యాలయపు పుస్తకములో నుండెను. పంపు మరియొక మండలి వశములో నుండెను. శిశువు సంగతి ఆ పేటవారి కెరుక. ఈ మూటిని కలిపినవారు ఇద్దరు మనుష్యులు. వారు కలుపకున్నచో ఏ పుస్తకమునకు ఆ పుస్తకమే సత్యము చెప్పుచుండెడిది, పంపు నీరు మాత్రము పారుచునే యుండెడిది.

భారతదేశమున స్థానిక స్వపరిపాలనమునకు పునాదిగా చెప్పబడు రిప్పను ప్రభువు తీర్మానము 1882 మే 18వ తేదీది. పనులు చక్కగా జరుగుటకన్నను, ప్రజలకు రాజకీయ విద్య గరపుటయే ఈ సంస్థల ముఖ్యప్రయోజనమని ఆ తీర్మానపు సారాంశము. తరువాత 1884 నాటి చట్టముల ననుసరించి మద్రాసు రాజధానిలో జిల్లా బోర్డులును తాలూకా బోర్డులును ఏర్పడెను. తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యెను. పిమ్మట జిల్లా బోర్డులును పోయెను. అయినను "బోర్డు బడి", "బోర్డు హైస్కూలు" అను మాటలు తెలుగు పల్లెలలో చిరకాలము నిలిచినవి. ప్రజలు ఆ సంస్థలను తమ నిత్యజీవితములో కలుపుకొనిరనుటకు ఆ మాటలే సాక్ష్యము.

వార్త ప్రక్కకు పోకుండుట ఒక దోషమైనచో, క్రిందినుండి పైకి పోకుండుట అంతకన్న పెద్ద దోషము. ఇందుకు చీరాల పేరాల చరిత్ర నిదర్శనము. ప్రథమ ప్రపంచ సంగ్రామము ముగిసిన దినములలో ప్రభుత్వము ఆ గ్రామములను కలిపి మునిసిపాలిటీగా చేసెను. పన్నులు పెక్కురెట్లు పెరిగినవి. అచ్చటివారిలో చేనేత పనివారు, పేదలు అనేకులు. తమకీ మునిసిపాలిటీ వలదని వారు చేసికొన్న విన్నపములను ప్రభుత్వము పెడచెవిని పెట్టెను. అంతట 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున వేలకొలది ప్రజలు ఇండ్లు విడిచి, మునిసిపాలిటీ హద్దులకు వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, సుమారు పదునొకండు నెలలు ఎండకును వానకును ఓర్చి నిలిచిరి. కుళాయియు దీపమును ఎవరికి చేదు? ఊరిని అడుగక, ఊరి మాట వినక చేసిన ఏర్పాటు మేలైనదైనను ఊరివారికి దండనగా తోచునని ఆ పాకలు చాటినవి.

నేడు చట్టముల కొరత లేదు. రాజ్యాంగపు 74వ సవరణ 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పట్టణ సంస్థలకు అప్పగింపదగిన 18 విషయములను పండ్రెండవ షెడ్యూలు పేర్కొనుచున్నది. 2005 నాటి సమాచారహక్కు చట్టపు నాల్గవ సెక్షను, ఎవరును అడుగకముందే కార్యాలయములు తమ సంగతులను వెల్లడింపవలెనని విధించుచున్నది. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన వార్డు సచివాలయములు పలు శాఖల ఉద్యోగులను ఒక కప్పు క్రిందికి తెచ్చినవి. వీనికి తోడు ప్రతివాని చేతిలోను సెల్‌ఫోను ఉన్నది. పగిలిన గొట్టపు బొమ్మను క్షణములో నూర్గురికి పంపవచ్చును.

కాని వార్త పంపుట వేరు, అందజేయుట వేరు. నూర్గురున్న ఫోను బృందములో "పైపు పగిలింది" అను మాట పుట్టినరోజు శుభాకాంక్షల నడుమ మునిగిపోవును. అందరును చూతురు, అది తనకు చెప్పినమాట యని ఒక్కడును తలపడు. పాతకాలపు తాఖీదు మెల్లగా నడచెడిది, నిజమే. కాని దానిపై ఎవరికి పంపినదియు, ఎన్నడు పంపినదియు, ఎన్నటిలోగా జవాబు రావలెననియు ఉండెడిది. అందుకొన్నవాడు చేవ్రాలు చేసెడివాడు. ఫోను వేగము, తాఖీదు బాధ్యత రెండును కలిసిననాడే వార్త కార్యము కాగలదు.

ఇంతకంటె లోతైన కారణ మొకటి కలదు. పెక్కు కార్యాలయములలో చెడువార్త తెచ్చినవాడే నేరస్థుడగును. కుళాయిలో క్లోరిను లేదని వ్రాసిన ఫిట్టరునకు బహుమానముగా సంజాయిషీ నోటీసు వచ్చును. రెండుసార్లు అట్లు జరిగినచో మూడవసారి అతడు నీటిని చూడకయే 0.2 అని వ్రాయును. ఏడాది పొడుగునను ప్రతిదినము ఒకే అంకెగల రిజిష్టరు కనిపించినయెడల ఆ ఊరి నీరు మంచిదని కాదు, ఆ ఊరి ఉద్యోగి భయపడుచున్నాడని గ్రహింపవలెను. వినగల అధికారి లేనిచోట చెప్పగల సేవకుడు ఉండడు. సమాచారము పంచుకొనుట యంత్రముల పని కాదు, మర్యాదల పని.

చేయదగిన దేమి? పెద్ద పథకములతో పనిలేదు. కౌన్సిలు సమావేశము సాధారణముగా నెలకొకసారి జరుగును. నీరు, రోగము నెల రోజులు ఆగవు. వారమునకొక గంట అన్ని శాఖలవారును, వెలుపలి సంస్థలవారును ఒక బల్ల చుట్టును కూర్చుండవలెను. ప్రతివాడును మూడు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను: గడచిన వారమున ఏమి చేసితిని? రానున్న వారమున ఎచ్చట ఏమి చేయబోవుచున్నాను? దానివలన ఎవరికి ఇబ్బంది కలుగును? మాటలాడు వరుసలో ఫిట్టరు, పారిశుధ్య మేస్త్రీ, నర్సు ముందుండవలెను. ఇంజనీరు, కమీషనరు వెనుక నుండవలెను. పెద్దలు ముందు పలికినచో చిన్నవారు వారి మాటనే తిరిగి పలుకుట లోకసహజము. తేలిన సంగతులను ఒక పుస్తకమున వ్రాసి, అందులో ప్రజలకు సంబంధించిన నాలుగు మాటలను తేలిక తెలుగున కార్యాలయపు ముంగిట నల్లబల్లపై వ్రాయవలెను. చదువరాని వారికి ఆ పాత తప్పెటయే శరణ్యము. దానిని వెక్కిరింపనక్కరలేదు.

తెల్లవారుజామున కుళాయి క్రింద బిందె పెట్టి నిలిచిన ఇల్లాలికి కాలువ ఎవరిదో, గొట్టము ఎవరిదో, త్రవ్విన గుంట ఎవరిదో తెలియదు. తెలియనక్కరయు లేదు. ఆమె పన్ను కట్టినది ఊరికి. ఆమె నమ్మినది ఊరిని. నలుగురు ఉద్యోగుల పుస్తకములలో నాలుగు ముక్కలై పడియున్న వార్త ఒక్కటై, ఆ నీరు త్రాగవచ్చునో లేదో, బిందె నిండకముందే ఆమె చెవిని పడవలెను.